30 ఏళ్ళ నాటి లిఫ్ట్ గేమ్, మా అపార్ట్‌మెంట్‌లో నేను పెట్టిన రూల్

పోయిన ఎపిసోడ్ కింద మీరు పెట్టిన కామెంట్లన్నీ చదివాను. మైక్ సౌండ్ గురించి తిట్టినవాళ్ళకి థాంక్స్, ఈసారి మైక్ మార్చాను.

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ అపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో రెండు లిఫ్టులు పక్కపక్కన ఉన్నాయనుకోండి. మీరు ఒక బటన్ నొక్కుతారా, రెండూ నొక్కుతారా? అబద్ధం ఆడొద్దు. రెండూ నొక్కుతారు. ఏది ముందొస్తే అది ఎక్కేస్తారు. రెండోది కూడా పాపం మీ కోసమే దిగొచ్చి, తలుపు తీసి, ఎవరూ లేకపోతే మళ్ళీ మూసుకుంటుంది. ఆ టైమ్‌లో పైన ఎనిమిదో ఫ్లోర్‌లో స్కూల్ బస్సు మిస్సవుతుందేమో అని ఒక తల్లి బటన్ మీద బటన్ కొడుతూ ఉంటుంది.

ఇది నేనూ చేశాను, ఏళ్ళ తరబడి. ఇది తప్పని నాకు చెప్పింది బీటెక్ కాదు, నాలుగేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమూ కాదు. 1994లో వచ్చిన ఒక కంప్యూటర్ గేమ్. పేరు సిమ్‌టవర్. నాకంటే వయసులో పెద్దది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ఇంకో విషయం కూడా ఉంది. అదే గేమ్ నుంచి నేర్చుకున్న ఒక ఐడియాని నేను మా అపార్ట్‌మెంట్‌లో పెట్టించి, ఒక మనిషిని బాగా కష్టపెట్టాను. అది కూడా చెప్తాను. చెప్పకుండా వదిలేద్దామనుకున్నా గానీ, గేమ్ గురించి అంత గొప్పగా చెప్పి ఇది దాచేస్తే బాగోదు.

సరే, గేమ్. స్క్రీన్ మీద చూడండి. ఇదీ దాని మొహం. త్రీడీ లేదు, ఏమీ లేదు. ఒక బిల్డింగ్‌ని కేక్ కోసినట్టు నిలువుగా కోసి పక్కనుంచి చూపిస్తున్నట్టు ఉంటుంది. కింద మట్టి, పైన ఆకాశం. మన చేతికి 20 లక్షల డాలర్లు ఇస్తాడు. కింద లాబీ కట్టాలి, పైన ఫ్లోర్లు వేసుకుంటూ పోవాలి. ఆఫీసులు, ఫ్లాట్లు, హోటల్ గదులు, ఫాస్ట్‌ఫుడ్, రెస్టారెంట్లు, షాపులు, సినిమా హాళ్ళు, కింద పార్కింగ్, ఇంకా కిందికెళ్తే మెట్రో స్టేషన్. ఒక స్టార్‌తో మొదలుపెట్టి ఐదు స్టార్ల దాకా వెళ్ళాలి. ఆ తర్వాత వందో ఫ్లోర్‌లో ఒక చర్చి కట్టి, జనాభా 15 వేలు దాటి, అందులో పెళ్ళి జరిగితే 'టవర్' అనే ఆఖరి ర్యాంకు వస్తుంది. అంటే ఇంత కష్టపడి ఆకాశహర్మ్యం కట్టేది ఎవరిదో పెళ్ళి చేయడానికి. మన పెళ్ళి ఖర్చులు చూసినవాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు.

దీన్ని తయారుచేసింది జపాన్‌కి చెందిన యూట్ సైతో అనే డిజైనర్, ఆయన కంపెనీ ఓపెన్‌బుక్. జపాన్‌లో గేమ్ పేరు 'ది టవర్'. అమెరికాలో దాన్ని అమ్మింది మాక్సిస్, అంటే సిమ్‌సిటీ వాళ్ళు. అందుకే పేరు ముందు 'సిమ్' తగిలించారు. చాలామంది ఇది కూడా సిమ్‌సిటీ చేసిన విల్ రైట్‌దే అనుకుంటారు, కాదు. సైతో తర్వాత 1999లో సీమాన్ అని ఇంకో గేమ్ చేశాడు. అందులో మనిషి మొహం ఉన్న చేప ఒకటి మనతో మాట్లాడుతుంది, మనల్ని వెటకారం కూడా చేస్తుంది. ఆ మనిషి బుర్ర ఎలాంటిదో మీకు అర్థమైంది కదా.

అసలు విషయం ఏంటంటే, సైతో మొదట చేయాలనుకున్నది బిల్డింగ్ గేమ్ కాదు. లిఫ్టుల సిమ్యులేషన్. లిఫ్టులు ఎలా నడుస్తాయో తెలుసుకుందామని ఒక లిఫ్టుల కంపెనీని సమాచారం అడిగాడు. వాళ్ళు ఇవ్వం అన్నారు. ఇక తనే ఆలోచించి సొంతంగా చేసుకున్నాడు. బిల్డింగ్, ఆఫీసులు, హోటళ్ళు, ఇవన్నీ ఆ లిఫ్టుల చుట్టూ పుట్టుకొచ్చినవి. అందుకే ఈ గేమ్‌ని ఎవరైనా 'బిల్డింగ్ కట్టే గేమ్' అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఇది జనం ఎదురుచూసే గేమ్.

నాకు ఇది దొరికింది ఇంజనీరింగ్ హాస్టల్లో. ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో సినిమాల మధ్య ఉంది. సైజు చూస్తే పాట కంటే చిన్నది. అప్పట్లో నా ల్యాప్‌టాప్‌లో 32-బిట్ విండోస్ 7 ఉండేది కాబట్టి డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంది. ఇప్పుడు మీ 64-బిట్ విండోస్‌లో నేరుగా తెరుచుకోదు, ఎందుకంటే ఇది 16-బిట్ ప్రోగ్రామ్. ఏదైనా ఎమ్యులేటర్ కావాలి.

మొదటి టవర్ నేను ఎలా కట్టానో చెప్తా, నవ్వొద్దు. ఒక ఆఫీసు గది 40 వేల డాలర్లు. ఒక మామూలు లిఫ్ట్ 2 లక్షలు. అంటే ఒక లిఫ్ట్ ఖర్చుతో ఐదు ఆఫీసులు వస్తాయి. ఆఫీసు అద్దె తెస్తుంది, లిఫ్ట్ ఏం తెస్తుంది? మెయింటెనెన్స్ ఖర్చు తెస్తుంది. సో నేను మంచి బిల్డర్ లాగా ఆలోచించాను. ఆఫీసుల మీద ఆఫీసులు వేసుకుంటూ పోయి మధ్యలో ఒక్క లిఫ్ట్ పెట్టాను. డబ్బు బాగానే వచ్చింది కాసేపు. తర్వాత పొద్దున్నే లాబీలో చిన్న చిన్న నల్ల బొమ్మలు క్యూ కట్టడం మొదలుపెట్టాయి. ఇదిగో, జూమ్ చేశాను చూడండి. ఆ నల్ల చీమల్లాంటివే మనుషులు.

ఈ గేమ్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. మనిషి ఎక్కువసేపు నిలబడితే నలుపు నుంచి గులాబీ రంగులోకి మారతాడు. ఇంకా నిలబడితే ఎర్రబడతాడు. స్కోరు బోర్డు లేదు, మెసేజ్ లేదు, కేవలం రంగు. ఎర్రబడ్డ వాళ్ళు ఎక్కువైతే ఆ ఆఫీసు రేటింగ్ పడిపోతుంది, క్వార్టర్ అయ్యేసరికి ఖాళీ చేసి పోతారు. గదిలో బల్లలు ఉండవు, అద్దె బోర్డు ఉంటుంది. ఫ్లాట్లయితే ఇంకా దారుణం. ఫ్లాట్ అమ్మినప్పుడు డబ్బు ఒకేసారి వస్తుంది, మనం సంబరపడిపోయి ఖర్చు పెట్టేస్తాం. వాళ్ళకి విసుగొచ్చి వెళ్ళిపోతే ఆ డబ్బు మనం తిరిగి ఇవ్వాలి! కొన్నవాడికి లిఫ్ట్ నచ్చకపోతే బిల్డర్ డబ్బు వాపసు ఇవ్వడం, ఊహించుకోండి. ఆ ఒక్క రూల్ చూసే ఇది సైన్స్ ఫిక్షన్ గేమ్ అనొచ్చు.

రెండో టవర్‌కి బుద్ధొచ్చింది. అప్పుడే లిఫ్టుల లోతు తెలిసింది. గేమ్‌లో మూడు రకాల లిఫ్టులు. మామూలు లిఫ్ట్, 30 ఫ్లోర్ల కంటే ఎక్కువ పొడవు వేయలేం. ఎక్స్‌ప్రెస్ లిఫ్ట్, ఇది ఎంత ఎత్తైనా వెళ్తుంది కానీ కింద లాబీలోనూ ప్రతి 15 ఫ్లోర్లకి ఒకటి కట్టే స్కై లాబీల్లోనూ మాత్రమే ఆగుతుంది. మూడోది సర్వీస్ లిఫ్ట్, హోటల్ గదులు శుభ్రం చేసే హౌస్‌కీపింగ్ వాళ్ళకి. ఈ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మొత్తం టవర్‌కి 24 షాఫ్టులు, ఒక్కో షాఫ్టులో 8 క్యాబిన్లు. ఒకే గొట్టంలో ఎనిమిది క్యాబిన్లు ఒకదాన్నొకటి దాటుకుని ఎలా వెళ్తాయని అడక్కండి, అది గేమ్. నిజ జీవితంలో ఒకే షాఫ్టులో రెండు క్యాబిన్లు నడిపే లిఫ్టులు ఉన్నాయి గానీ అవి ఒకదాన్నొకటి దాటలేవు.

ఇక్కడ ముఖ్యమైన తిరకాసు ఏంటంటే, గేమ్‌లో మనిషి లిఫ్ట్ ఒక్కసారే మారతాడు. రెండోసారి మారాలంటే అసలు రాడు. అంటే మీరు ఎక్స్‌ప్రెస్‌లో 30 ఎక్కి, అక్కడ మామూలు లిఫ్ట్ పట్టుకుని 41కి వెళ్ళొచ్చు. మధ్యలో ఇంకో లిఫ్ట్ పెడితే ఆ ఫ్లోర్ అద్దెకే పోదు. మన లోకల్ ట్రైన్, ఎక్స్‌ప్రెస్ ట్రైన్ లెక్కే ఇది. సికింద్రాబాద్ దాకా ఎక్స్‌ప్రెస్, అక్కడ దిగి ఎంఎంటీఎస్. ఇంకో రెండు ఆటోలు మారాలంటే మీ బంధువులు కూడా మీ ఇంటికి రారు.

స్కై లాబీ అనేది సైతో ఊహ కాదు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో 44, 78 ఫ్లోర్లలో స్కై లాబీలు ఉండేవి. కారణం సింపుల్. ప్రతి ఫ్లోర్‌కీ కిందనుంచి నేరుగా లిఫ్ట్ వేయాలంటే బిల్డింగ్ ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్ట్ షాఫ్టులే కింద ఫ్లోర్లని తినేస్తాయి. ఒక ఎత్తు దాటాక బిల్డింగ్ అంటే లిఫ్టులు, పక్కన కొంచెం చోటు, అంతే మిగులుతుంది. తాడు సంగతి వేరే. 500 మీటర్లు దాటితే స్టీలు తాడుకి తన బరువు తనకే భారమైపోతుంది. కోనే అనే ఫిన్లాండ్ కంపెనీ 2013లో కార్బన్ ఫైబర్ తాడు తెచ్చింది అందుకే.

లిఫ్ట్ చరిత్ర కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తా. లిఫ్టులు ముందునుంచీ ఉన్నాయి, సామాన్లకి. మనుషులు ఎక్కడానికి భయపడేవాళ్ళు, తాడు తెగితే? 1854లో న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ ఒక ఎగ్జిబిషన్‌లో జనం ముందు లిఫ్ట్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, దాన్ని పట్టుకున్న తాడు తెగ్గొట్టించాడు. ప్లాట్‌ఫామ్ కొంచెం జారి ఆగిపోయింది. ఆయన కనిపెట్టింది లిఫ్ట్ కాదు, పడకుండా ఆపే బ్రేక్. 1857లో న్యూయార్క్‌లోనే ఒక షాపు బిల్డింగ్‌లో మనుషుల కోసం లిఫ్ట్ పెట్టారు. దానికి ముందు యూరప్ నగరాల్లో పై అంతస్తు అంటే పేదవాళ్ళది, పనివాళ్ళది. మెట్లెక్కే ఓపిక ఎవడికుంది? లిఫ్ట్ వచ్చాక పై అంతస్తు పెంట్‌హౌస్ అయింది. ఒక యంత్రం వచ్చి ఎవరు పైన ఉండాలో, ఎవరు కింద ఉండాలో తలకిందులు చేసేసింది.

ఇప్పుడు బీటెక్ వాళ్ళు కొంచెం నిటారుగా కూర్చోండి. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో డిస్క్ షెడ్యూలింగ్ చాప్టర్ గుర్తుందా? స్కాన్ అల్గారిథమ్? దాని ఇంకో పేరే ఎలివేటర్ అల్గారిథమ్. ఒక దిక్కుగా వెళ్తూ దారిలో ఉన్న పనులన్నీ చేసుకుంటూ చివరిదాకా పోయి, అప్పుడు వెనక్కి తిరగడం. ముందు అడిగినవాడికి ముందు అని వెళ్తే లిఫ్ట్ పదికి, మళ్ళీ రెండుకి, మళ్ళీ తొమ్మిదికి పిచ్చిదానిలా తిరుగుతుంది. నేను దాన్ని ఎగ్జామ్‌లో ఐదు మార్కులకి రాశాను, బొమ్మ కూడా గీశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. సిమ్‌టవర్‌లో ఒక క్యాబిన్ పైకెళ్తూ దారిలో గులాబీ రంగు మనుషుల్ని ఏరుకుంటూ పోవడం చూశాక అర్థమైంది. డోనాల్డ్ నూత్ తన ప్రసిద్ధ ప్రోగ్రామింగ్ పుస్తకం మొదటి సంపుటంలో డేటా స్ట్రక్చర్లు చెప్పడానికి తీసుకున్న ఉదాహరణ కూడా లిఫ్టే, కాల్టెక్ గణిత శాఖ బిల్డింగ్‌లో ఉన్న లిఫ్ట్. అంటే ఇది గేమర్ల పిచ్చి మాత్రమే కాదు, పెద్దవాళ్ళకి కూడా ఉంది.

గేమ్‌లో లిఫ్ట్ మీద క్లిక్ చేస్తే ఒక విండో తెరుచుకుంటుంది. ఏ ఫ్లోర్లలో ఆగాలి, ఏ క్యాబిన్ ఖాళీగా ఉన్నప్పుడు ఏ ఫ్లోర్‌లో కాచుకోవాలి, పొద్దున ఎలా, సాయంత్రం ఎలా, వీకెండ్ ఎలా. గేమ్‌లో క్వార్టర్ అంటే మూడు రోజులే, రెండు పని దినాలు, ఒక సెలవు. పొద్దున ఆఫీసు వాళ్ళంతా కిందనుంచి పైకి. మధ్యాహ్నం తిండికి పైకీ కిందకీ. సాయంత్రం అందరూ కిందకి. పొద్దున క్యాబిన్లన్నీ లాబీలో కాచుకునేట్టు పెడితే సగం ఎరుపు నలుపైపోతుంది. ఒక్క రూపాయి, సారీ, ఒక్క డాలర్ ఖర్చు లేకుండా! ఆ రాత్రి హాస్టల్లో నేను అరిచిన అరుపుకి పక్క రూమ్ వాడు మ్యాచ్ గెలిచామనుకుని వచ్చాడు.

ఇవన్నీ కాకుండా మంటలు, బాంబు బెదిరింపులు, బేస్‌మెంట్ తవ్వితే దొరికే నిధి, ఏడాది చివర ఆకాశంలో శాంటా, ఇవీ ఉన్నాయి. ఉంటే బాగుంటాయి, అంతే.

ఫోన్‌లో ఇలాంటివి ఉన్నాయా అని అడుగుతారని తెలుసు. టైనీ టవర్ ఉంది, 2011లో వచ్చింది. ముగ్గురే మనుషులున్న నింబుల్‌బిట్ అనే చిన్న కంపెనీ చేసింది, ఆ ఏడాది ఆపిల్ దాన్ని ఐఫోన్ గేమ్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంచుకుంది. మరుసటి ఏడాదే పెద్ద కంపెనీ జింగా అచ్చం అలాంటి గేమ్ తెస్తే, వీళ్ళు రెండింటి స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి వెటకారంగా ఒక బహిరంగ లేఖ వదిలారు. అందులో లిఫ్ట్ మనమే నొక్కి నడపాలి, మనుషుల్ని వాళ్ళ ఫ్లోర్‌లో దింపితే టిప్పు ఇస్తారు. ముద్దుగా ఉంటుంది. కానీ అందులో ఎవరూ ఎర్రబడరు. ఎంతసేపు వదిలేసినా నవ్వుతూ నిలబడతారు. నాకు అందుకే బోర్ కొట్టింది. కంప్యూటర్ మీద 2016లో ప్రాజెక్ట్ హైరైజ్ వచ్చింది, సిమ్‌టవర్‌కి వారసుడు అంటారు. బాగుంటుంది, కానీ అందులో తలనొప్పంతా కరెంటు వైర్లు, నీళ్ళ పైపులు. లిఫ్ట్ మీద ఆ ప్రేమ లేదు.

సరే. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్.

పేరు చెప్పను, హైదరాబాద్‌లోనే. 12 ఫ్లోర్లు, రెండు లిఫ్టులు. మేము తొమ్మిదిలో. ఆ రెండు లిఫ్టులకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, వేటి బటన్ వాటిదే. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా నరకం. స్కూల్ పిల్లలు, ఆఫీసు వాళ్ళు, పాలు, వాటర్ క్యాన్లు, గ్యాస్ సిలిండర్, ఇళ్ళల్లో పనిచేసే ఆంటీలు, డెలివరీ బాయ్స్, వాకింగ్ నుంచి వచ్చే అంకుల్స్. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవ. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు, మాకు లిఫ్టే అక్కర్లేదు మేము డబ్బు ఎందుకు ఇవ్వాలని వేరే గొడవ.

నేను అప్పటికే ఉద్యోగం మానేసి వీడియోలు చేస్తున్నా. ఇంట్లో ఖాళీగా ఉన్నాడన్న పేరు ఎలాగూ ఉంది. ఒక సోమవారం లాబీలో కుర్చీ వేసుకుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నా. ఎవరు ఎంతసేపు నిలబడ్డారో రాసుకున్నా. సగటున మూడు నిమిషాల పైనే వచ్చింది. ఎక్సెల్ షీటు చేసి మీటింగ్‌లో చూపించాను. లిఫ్టులు రెండూ కలపడం ఖర్చు, వద్దన్నారు. అయితే ఫ్రీగా అయ్యే పని ఒకటుంది అన్నాను. గేమ్‌లోలాగా రెండో లిఫ్ట్‌ని సర్వీస్ లిఫ్ట్ చేసేద్దాం, సామాన్లు, డెలివరీలు, పనులు అన్నీ అందులో. ఒకటో లిఫ్ట్ స్పీడ్‌గా తిరుగుతుంది. నా బుర్రలో అది ట్రాఫిక్ లెక్క. లోడ్ బ్యాలెన్సింగ్. అంతకుమించి ఒక్క ఆలోచన లేదు, ప్రమాణం చేసి చెప్తున్నా.

రెండు రోజులకి లిఫ్ట్ పక్కన నోటీసు అతికించారు. 'పనివారు, డ్రైవర్లు, డెలివరీ బాయ్స్ ఒకటో నంబరు లిఫ్ట్ వాడరాదు.' చూశాను. కొంచెం ఎలాగో అనిపించింది. నేను సామాన్లు అన్నాను, వీళ్ళు మనుషుల్ని రాశారు. కానీ ఏమీ అనలేదు. ఎందుకంటే రెండు వారాల తర్వాత మళ్ళీ స్టాప్‌వాచ్ పెడితే ఒకటో లిఫ్ట్ దగ్గర టైమ్ సగానికి పడిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. సెక్రటరీ అంకుల్ గ్రూపులో నా ఫోటో పెట్టారు. రెండో లిఫ్ట్ దగ్గర నేను స్టాప్‌వాచ్ పెట్టలేదు.

ఒకరోజు అమ్మ అంది, "ఒరేయ్, అక్క ఈమధ్య రోజూ అరగంట లేటుగా వస్తోందిరా." మా ఇంట్లో పనిచేసే అక్క. ఈ బిల్డింగ్‌లోనే నాలుగు ఇళ్ళు చేస్తుంది. ముందు నాలుగో ఫ్లోర్, తర్వాత పదకొండు, తర్వాత మేము, ఆఖరికి ఆరు. నేను పట్టించుకోలేదు. తర్వాత రెండో లిఫ్ట్ పాడైంది. ఏదో పార్టు రావాలన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. నోటీసు మాత్రం అలాగే ఉంది. వాచ్‌మన్‌కి చెప్పిన మాట ఒక్కటే, ఒకటో లిఫ్ట్ ఎక్కనీయొద్దు. మూడో రోజు అక్క పదకొండు నుంచి మా ఇంటికి దిగి వచ్చి, గోడ పట్టుకుని నిలబడిందట. అమ్మకి ఒళ్ళు మండి, పని అయ్యాక తనే దగ్గరుండి ఒకటో లిఫ్ట్‌లో ఎక్కించింది. లోపలున్న ఒక ఆవిడ, "అదేంటండీ, ఈ రూల్ పెట్టించింది మీ అబ్బాయే కదా" అందట.

అమ్మ ఇంటికొచ్చి నన్ను ఏమీ అనలేదు. ఆ మాట మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

లిఫ్ట్ బాగయ్యాక నేను అక్కని అడిగాను, ఒకరోజు పొద్దున్నుంచీ నీతో తిరుగుతాను, లెక్క రాసుకుంటాను, పర్వాలేదా అని. ఆమె నవ్వింది. "రాసుకో బాబూ. ఊరికే ఎందుకు, ఈ బకెట్ పట్టుకో" అంది. పట్టుకున్నా. ఒక పూటలో ఆమె ఐదుసార్లు లిఫ్ట్ కోసం నిలబడింది. కిందనుంచి నాలుగుకి, నాలుగు నుంచి పదకొండుకి, అక్కడనుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి ఆరుకి, మళ్ళీ కిందకి. రెండో లిఫ్ట్‌లో సిలిండర్లు, క్యాన్లు, ఎవరిదో సోఫా. ఐదుసార్లూ కలిపితే 41 నిమిషాలు. మీరూ నేనూ పొద్దున లిఫ్ట్ ఎక్కేది ఒక్కసారి. ఆమెకి ఆ 41 నిమిషాలు ఎక్కడనుంచి వస్తాయి? నాలుగో ఇంటివాళ్ళు లేటుకి తిట్టి, ఆ నెల జీతంలో 300 కోశారు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేనే రెండుసార్లు అడిగితే చెప్పింది.

నా ఎక్సెల్ షీటులో టైమ్ తగ్గలేదు. ఒక కాలమ్ నుంచి ఇంకో కాలమ్‌కి జరిగింది, ఆ రెండో కాలమ్ నేను అసలు గీయనేలేదు.

ఆ రాత్రి మళ్ళీ గేమ్ ఓపెన్ చేశాను. హోటల్ ఫ్లోర్లకి వెళ్ళి సర్వీస్ లిఫ్ట్ చూస్తూ కూర్చున్నా. హౌస్‌కీపింగ్ వాళ్ళు ఒక గది నుంచి ఇంకో గదికి పోతున్నారు. వాళ్ళు రాకపోతే గది మురికి పడుతుంది, మూడు రోజులకి బొద్దింకలొస్తాయి, పక్క గదులకి పాకుతాయి. ఆ గదిని కూల్చేయడం తప్ప దారి లేదు. అది గేమ్ పట్టించుకుంటుంది. కానీ ఇన్నేళ్ళు ఆడాను, హౌస్‌కీపింగ్ మనిషి ఎర్రబడి పని మానేయడం నేనెప్పుడూ చూడలేదు. గది పాడైతే తెలుస్తుంది, మనిషికి ఏమైందో తెలియదు. సైతోని తప్పుపట్టను, 1994లో ఆ చిన్న మెషీన్లలో అంతమంది మనుషుల్ని నడిపించడమే గొప్ప. తప్పు గేమ్‌ది కాదు, దాన్ని తీసుకొచ్చి నోటీసు బోర్డుకి అతికించిన నాది.

తర్వాతి మీటింగ్‌లో కొత్త షీటు పెట్టాను. ఈసారి రెండు కాలమ్‌లు. రెండు లిఫ్టులనీ ఒకే బటన్ కిందకి తెస్తే, ఏది దగ్గరుంటే అదే వస్తుంది, ఇంకోటి ఊరికే దిగిరాదు, ఇద్దరికీ టైమ్ తగ్గుతుందని చెప్పాను. పెద్ద బిల్డింగుల్లో ఇంకో అడుగు ముందుకెళ్ళి, ఎక్కేముందే ఏ ఫ్లోరో నొక్కితే ఏ లిఫ్ట్ ఎక్కాలో అదే చెప్పే సిస్టమ్ 1992 నుంచే ఉంది, షిండ్లర్ కంపెనీ తెచ్చింది. మనకి అంత అక్కర్లేదు, మామూలుగా కలిపితే చాలు. కోటేషన్ చూడగానే హాలు సైలెంట్. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అది పోయింది.

రెండోది, నోటీసు మార్చడం. 'భారీ సామాన్లు రెండో లిఫ్ట్‌లో. మనుషులు ఏ లిఫ్ట్ అయినా.' ఇంతే. దీనికి ఖర్చు లేదు, ఒక ఏ4 పేపర్. దీనిమీద గంటన్నర గొడవ. ఒకాయన హైజీన్ అన్నాడు, ఒకావిడ సెక్యూరిటీ అంది. మన ఇంట్లో అన్నం గిన్నెలు తోమే చేతులకి హైజీన్ ప్రాబ్లం లిఫ్ట్‌లోనే వస్తుందా అని అమ్మ అడిగింది. అమ్మ మీటింగ్‌లో మాట్లాడటం అదే మొదటిసారి. చేతులెత్తితే నాలుగు ఓట్ల తేడాతో పాసయింది. అంటే దాదాపు సగం మంది వద్దన్నారు. వాళ్ళు ఇప్పటికీ లిఫ్ట్‌లో నన్ను చూసి ఫోన్‌లోకి తల దించుకుంటారు. వెయిటింగ్ టైమ్ ఒకటో లిఫ్ట్ దగ్గర మళ్ళీ పెరిగింది. గ్రూపులో నా ఫోటో కింద ఇప్పుడు వేరే రకం కామెంట్లు ఉన్నాయి.

నోటీసు మారిన తర్వాత కూడా వారం రోజులు అక్క రెండో లిఫ్ట్ ముందే నిలబడింది. ఒకటోది తలుపు తెరుచుకుని ఖాళీగా ఉంది. నేను రా అక్కా అన్నాను. "అది వస్తదిలే బాబూ" అంది. ఇప్పుడు ఎక్కుతుంది. లోపల ఎవరైనా ఉంటే మాత్రం వదిలేసి తర్వాత దానికి ఆగుతుంది. దానికి ఏ షీటు చేయాలో నాకు తెలీలేదు.

ఆ 300 సంగతి కామెంట్లలో అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఆ నాలుగో ఇంటికి అమ్మ వెళ్ళి మాట్లాడింది. ఇచ్చారు.

సరే ఫ్రెండ్స్, మీ బిల్డింగ్‌లో లిఫ్ట్ పక్కన ఏం నోటీసు ఉందో ఒకసారి చదివి కామెంట్ పెట్టండి. ఫోటో పెట్టొద్దు, బిల్డింగ్ పేరూ పెట్టొద్దు, మాటలు చాలు. వచ్చే వారం ఎమ్యులేటర్‌లో సిమ్‌టవర్ ఎలా నడపాలో స్టెప్ బై స్టెప్ చూపిస్తా, నా సేవ్ ఫైల్ నుంచి ఐదు స్టార్ల టవర్ కూడా చూపిస్తా. వందో ఫ్లోర్ చర్చి ఇంకా కట్టలేదు. పెళ్ళి లైవ్‌లోనే చేద్దాం. ఉంటా, బై.